ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు - వారి రామదండు

సంవత్సరాది సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయవలసినదని సంఘము పెద్దలు మమ్ము కోరినారు. మేము పండితులము కాము. మెట్రిక్కు వరకు చదివి, రైల్వేలో గుమాస్తాగా రసీదులు, రిజిస్టర్లు వ్రాసికొను సామాన్యులము. అయినను పెద్దల మాట కాదనలేక, రెండు విషయములు చూచుకొని ఒక జీవితమును ఎన్నుకొన్నాము. ఆ జీవితమునకు మన బరంపురముతో సంబంధముండవలెను. అది మన యువకులకు పనికిరావలెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి చరిత్రములో ఈ రెండును ఉన్నవి. చీరాల-పేరాల అనగానే వారి పేరు తెలుగువారికి గుర్తుకు వచ్చును. కాని వారు మన ఊరు వచ్చి, మన ఊరిలో నోరు విప్పినందుకే జైలుకు పోయినారని మన పిల్లలలో ఎందరికి తెలియును?

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించినారు. ఆ గ్రామము ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. పుట్టిన మూడవనాడే తల్లి కన్నుమూసినది. మూడవ యేట తండ్రి కోదండరామస్వామిగారును పోయినారు. నాయనమ్మగారు, పినతండ్రిగారు ఆ పిల్లవానిని పెంచి పెద్దచేసినారు. తల్లిదండ్రులు లేని బిడ్డ ఇరుగుపొరుగుల ఆదరముననే పెరుగును. ఊరందరును తనవారేయను భావము వారికి ఆనాడే కలిగినదేమోయని మాకు తోచుచుండును.

చదువు గుంటూరు, బాపట్ల ప్రాంతములలో సాగినది. పాఠ్యపుస్తకములకంటె సంగీతము, నాటకములయందు వారికి మక్కువ యెక్కువ. పిదప బాపట్ల తాలూకా కచేరీలో ఒక సంవత్సరము చిన్న ఉద్యోగము చేసినారు. ఈ సంగతి చదివినప్పుడు మాబోటి గుమాస్తాలకు కొంత సంతోషము కలుగును. ఆంధ్రరత్నమైనవాడును ఒకనాడు కచేరీ బల్లముందు కూర్చుండినవాడే గదా! అయితే వారు అక్కడనే ఆగిపోలేదు. స్నేహితులైన నడింపల్లి నరసింహారావుగారి తోడ్పాటుతో 1911 ప్రాంతమున సముద్రము దాటి స్కాట్లండు దేశములోని ఎడింబరో విశ్వవిద్యాలయములో చేరి, అర్థశాస్త్రములో ఎం.ఎ. పట్టము పొందినారు.

అక్కడనుండగా వారు మన కళలను మరువలేదు. ఆనంద కుమారస్వామిగారితో కలిసి, నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి తెచ్చినారు. ఆ గ్రంథము 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారిచే ప్రకటింపబడినది. పరదేశమున ఉండియు మన నాట్యశాస్త్రమును ఆ దేశస్థులకు విప్పి చెప్పిన ఈ పని, ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనవంటివారికి ఒక పాఠము. ఉన్నచోటు పరాయిదైనంతమాత్రమున మన సొత్తును పెట్టెలో పెట్టి తాళము వేయనక్కరలేదు. దానిని నలుగురి యెదుట పరచవచ్చును.

స్వదేశమునకు తిరిగివచ్చి రాజమహేంద్రవరములోను, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలోను కొలదికాలము ఉపాధ్యాయులుగా నున్నారు. ఆ చదువుకు, ఆ పట్టమునకు ఆ రోజులలో పెద్ద ఉద్యోగమునకు కొదవలేదు. కాని వారి మనస్సు జీతముమీద నిలువలేదు. జాతీయోద్యమములో దూకినారు. మంచి కంఠము, చురుకైన హాస్యము, అప్పటికప్పుడు పద్యము చెప్పగల నేర్పు వారికి పెట్టని సొమ్ములు. వారు వేదికయెక్కిన సభలో జనము కదిలెడిది కాదు. ప్రజలు వారిని ఆంధ్రరత్నయని పిలుచుకొన్నారు.

ఇంత గొప్ప వక్తయైనను, ఉపన్యాసముతోనే దేశము బాగుపడదని వారు గ్రహించినారు. మాటలు విన్నవారు ఇండ్లకు పోవుదురు. పని చేయువారు మిగులవలెను. అందుచే వారు యువకులను కూర్చి రామదండు అను స్వచ్ఛంద సేవాదళమును నెలకొల్పినారు. రామాయణములో సేతువు కట్టినది ఒక్క హనుమంతుడు కాదు. పేరు తెలియని వేలకొలది వానరులు తలకొక రాయి మోసినారు. ఆ భావము ఆ పేరులోనే ఉన్నది. దండులోని వారు కాషాయవస్త్రములు, రుద్రాక్షలు ధరించి, రామనామము పాడుచు నడిచెడివారు. దుగ్గిరాలవారు తమ్ము రామునికి దాసులుగానే చెప్పుకొనెడివారు. కూడిన జనమును ఒద్దికగా నుంచుట, సభలకు, ఉత్సవములకు వచ్చినవారికి తోడుపడుట, క్రమశిక్షణను తాము పాటించి ఇతరులకు నేర్పుట వారి పని. వారికి జీతము లేదు. చేతిలో ఆయుధము లేదు.

ఆ దండుయొక్క సత్తా 1921లో బెజవాడలో తెలియవచ్చినది. ఆ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము అక్కడ సమావేశమైనది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు కూర్చుట, కోటిమంది సభ్యులను చేర్చుట, ఇరువది లక్షల రాట్నములు తిప్పించుట ఆ సభ నిర్ణయములు. గాంధీగారిని చూచుటకు పల్లెపల్లెనుండి జనము విరుచుకొని పడినారు. రైలులోను, బండ్లమీదను, కాలినడకనను వచ్చిన ఆ జనసముద్రమును అదుపులో నుంచినవారు రామదండు యువకులు. వారు సుమారు వేయిమంది యని చెప్పుదురు.

పండుగ రద్దీలో ఒక్క ప్లాటుఫారముమీది జనమును సర్దుటయే ఎంత కష్టమో రైల్వేవారమగు మాకు తెలియును. లాఠీ లేక, జీతము లేక, కేవలము నమస్కారముతో అంత జనమును నడపుట సామాన్యమా? ఆ యువకులలో నూటికి తొంబదిమంది పేర్లు నేడు ఏ పుస్తకములోను కానరావు. అయినను ఆ సభ సజావుగా జరిగినదన్న కీర్తిలో వారందరికి భాగమున్నది.

ఇక చీరాల సంగతి. అప్పటి గుంటూరు జిల్లాలో చీరాల, పేరాల గ్రామములు ఒక యూనియనుగా ఉండెడివి. నివాసులు సుమారు పదిహేను వేలమంది. వారిలో నేతపనివారు, చిన్న రైతులు మెండు. యూనియనుకు వారు చెల్లించు పన్ను ఏటికి నాలుగు వేల రూపాయలు. ప్రభుత్వమువారు ఆ గ్రామములను మునిసిపాలిటీగా మార్చినారు. దానితో పన్ను నలుబది వేలకు ఎగబాకినది. మగ్గముమీద బ్రతుకువారికి ఇది మోయరాని బరువు. ప్రజలు అర్జీలు పెట్టుకొన్నారు. ప్రభుత్వము వినలేదు. పన్ను కట్టమని జనము భీష్మించినారు. కొందరు జైలుకు పోయినారు. వారిలో ఒక స్త్రీయు ఉన్నది.

బెజవాడ సభ ముగిసిన పిమ్మట, ఏప్రిల్ 6వ తేదీన గాంధీగారు చీరాల వచ్చినారు. దుర్మతి నామ సంవత్సరాది ఇంక మూడు దినములున్నది. వారు ప్రజలకు రెండు దారులు చూపినారు. అహింసను వీడక పన్ను నిరాకరించి, వచ్చు కష్టములను అనుభవించుట ఒకటి. మునిసిపాలిటీ ఎల్లలు విడిచి వేరొకచోట కాపురముండుట రెండవది. ఊరు విడిచినచో మునిసిపాలిటీ ఎవరిమీద పన్ను వేయును? అయితే కాంగ్రెసు సాయమునకు ఎదురుచూడక తమ కాళ్లపై తాము నిలువవలసియుండునని గాంధీగారు హెచ్చరించినారు. దుగ్గిరాలవారి నాయకత్వమున ప్రజలు రెండవ దారిని ఎన్నుకొన్నారు.

పదిహేను వేలలో పదమూడు వేలకు పైగా జనము, పిల్లాపాపలతో, గొడ్డూగోదతో, మగ్గములతో, కట్టుకొన్న ఇండ్లు విడిచి ఎల్ల దాటి పోయినారు. అది నడివేసవి. ఎండ నిప్పులు చెరుగుచున్నది. పాకలు వేసికొన్నారు. ఆ కొత్త ఊరికి రామనగరు అని పేరు పెట్టినారు. వేసవి పోయి వానలు వచ్చినవి, వానలు పోయి చలి వచ్చినది. వారు పదకొండు నెలలు అక్కడనే ఉన్నారు. అనగా దుర్మతి సంవత్సరము దాదాపు అంతయు పాకలలోనే గడిపినారు. సంవత్సరము పేరు దుర్మతియైనను ఆ ప్రజల మతి చెదరలేదు.

పదమూడు వేలమంది కాపురమున్న చోట ఏమేమి కావలెనో చదువరులు ఒక్కమారు లెక్కవేసికొనవలెను. త్రాగునీరు, పారిశుద్ధ్యము, జబ్బుపడినవారికి సాయము, రాత్రి కాపలా, తగవుల పరిష్కారము, కూడు లేనివారికి గింజలు. సర్కారు సాయము పూజ్యము. కులములవారి ప్రతినిధులతో ఒక పంచాయతీ ఏర్పరచుకొన్నారు. తగవులు తామే తీర్చుకొన్నారు. శాంతిభద్రతలు రామదండు చూచినది. మొదట సభలలో జనమును సర్దిన యువకులే ఇప్పుడు ఒక ఊరిని కాచినారు. చిన్నపనిలో చేయి తిరిగినవారే పెద్దపనికి నిలువగలుగుదురు.

ఇప్పుడు మన బరంపురము ఈ కథలోనికి వచ్చుచున్నది. ఆ రోజులలో గంజాము జిల్లా మద్రాసు రాజధానిలో ఉండెడిది. ఒరిస్సా వేరు రాష్ట్రమైనది 1936 ఏప్రిల్ 1న. 1921లో ఆంధ్రుల మహాసభ బరంపురములో జరిగినది. రామనగరులోని ప్రజలకు గింజలు కొనవలెనన్న డబ్బు కావలెను. ఆ ధనము కూర్చుటకై దుగ్గిరాలవారు మన ఊరు వచ్చినారు. ఉపన్యసింపరాదని అధికారులు నిషేధాజ్ఞ ఇచ్చినారు. వారు ఆజ్ఞను లెక్కచేయక మాటాడినారు. వెంటనే అరెస్టు, ఒక సంవత్సరము శిక్ష, తిరుచిరాపల్లి జైలు. బిచ్చమెత్తి తన ఊరివారికి అన్నము పెట్టవచ్చిన మనిషి ఉత్త చేతులతో కటకటాలలోనికి పోయినారు.

నాయకుడు జైలులో నుండగా రామనగరు కొన్ని నెలలు నిలిచినది. ధనము అడుగంటినది. ముందుండి నడుపువారు కరవైనారు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీగారు సహాయ నిరాకరణోద్యమమునే ఆపివేసినారు. చివరకు ప్రజలు ఒక్కొక్కరుగా పాత ఇండ్లకు మరలిపోయినారు. మునిసిపాలిటీ నిలిచినది. ఈ ముగింపును దాచిపెట్టి, అంతయు విజయమేయని వ్రాయుట మాకు ఇష్టము లేదు. పదకొండు నెలల త్యాగము వృథాయని మేము అనము. ఒక ఊరు ఊరంతయు కలిసి ఏమి చేయగలదో దేశమునకు తెలిసినది. కాని ఆ ప్రయత్నము ఎక్కడ తెగినదో చూడకపోయినచో ఈ చరిత్రము చదివి ప్రయోజనము లేదు.

మా రైల్వేలో ఒక నియమమున్నది. డ్యూటీలో నున్నవాడు, రిలీవరు వచ్చి ఛార్జి పుచ్చుకొని పుస్తకములో సంతకము చేయనిదే చోటు విడువరాదు. ఎంత సమర్థుడైన స్టేషను మాస్టరైనను ఇరువదినాలుగు గంటలు మేలుకొని ఉండలేడు. అందుచే రైలు ఒక మనిషి సామర్థ్యముమీద నడువదు, ఛార్జి చేతులు మారుటమీద నడుచును. రామనగరులో దుగ్గిరాలవారి వద్ద ఛార్జి పుచ్చుకొనుటకు వారంతటి మనిషి మరొకరు సిద్ధముగా లేకపోయినారు. సేవకులున్నారు, త్యాగులున్నారు, రిలీవరు లేడు. మా చిన్నబుద్ధికి తోచిన కారణమిది.

జైలునుండి విడుదలయైన పిమ్మట వారు చీరాలలో ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని సాగించినారు. మన విద్యలు, జానపదుల కళలు అడుగంటిపోరాదని తపించినారు. కాని చేతిలో డబ్బు లేదు, దేహములో సత్తువ లేదు. క్షయవ్యాధి పట్టినది. 1928 జూన్ 10వ తేదీన వారు పరమపదించినారు. అప్పటికి వారి వయస్సు ముప్పదితొమ్మిదేండ్లు. మాకును ఇప్పుడు ముప్పదిలోపడి కొన్నేండ్లయినది. ఆ వయస్సు లెక్క చూచుకొన్నప్పుడెల్ల మేము ఏమి చేసితిమాయని సిగ్గు కలుగును. విజయవాడలో వారి పేరుతో ఆంధ్రరత్న భవనము ఉన్నది. భవనముకంటె మనుష్యులు మిగిలియున్నచో వారు ఎక్కువ సంతోషించెడివారని మా నమ్మకము.

ఇక మన సంగతి. మన సంఘములో ఆదివారపు తెలుగు తరగతి ఒకటి ఉండెడిది. పేరు చెప్పము గాని, ఒక ముసలి మాస్టరుగారు చాపలు పరచి, నల్లబల్ల తుడిచి, ఒడియా బడులలో చదువు మన పిల్లలకు గుణింతము దిద్దించెడివారు. మేమును అక్కడనే దిద్దుకొన్నవారము. మాకు ఇరువదియేండ్లున్నప్పుడు వారు మమ్ము పిలిచి, వారమునకొక గంట వచ్చి చిన్నపిల్లలను చూడుమన్నారు. వచ్చెదమని చెప్పి రెండు వారములు పోయినాము. మూడవ వారము సినిమాకు పోయినాము. ఆపైన పోలేదు. ఆయన మరల అడుగలేదు. కొన్నేండ్లకు ఆయన పోయినారు. ఆ ఆదివారము పిల్లలు వచ్చి, తలుపునకు తాళము చూచి తిరిగిపోయినారు. ఆ తాళము మరి రెండేండ్లు తీయలేదు. ఆ రెండేండ్లలో బడి యీడు వచ్చిన పిల్లలలో కొందరు నేటికిని తమ అమ్మమ్మకు తెలుగులో ఒక కార్డు వ్రాయలేరు. ఇంటిలో మాటాడుదురు, అక్షరము గుర్తుపట్టరు. ఆ తప్పులో మా భాగము మాకు తెలియును.

తాళముచెవి ఆ మాస్టరుగారి ఇంటి మేకునకే వ్రేలాడుచుండెడిది. అమ్మగారిని అడిగి తెచ్చుకొనుటకు మాకు రెండేండ్లు పట్టినది. తెచ్చుకొన్ననాడు ఆమె ఒక్క మాటయు అనక, చెవితోపాటు సగము అరిగిన సుద్దముక్కల డబ్బా కూడ ఇచ్చినది. తరగతి ఇప్పుడు మరల నడుచుచున్నది. కాని మేము నైట్ డ్యూటీలో నున్న ఆదివారము నాడు మరల ఆ తలుపు మూతయే. మాకును రిలీవరు లేడు.

మన యువకులకు మనస్సు లేదని మేము అనము. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు, చెట్లు కూలి, కరెంటు లేక, రైళ్లు ఆగిపోయి ఊరు చీకటిలో నుండగా, పిలువకనే వచ్చిన కుర్రవాండ్రను మేము చూచినాము. కొమ్మలు నరికినారు, నీళ్లు మోసినారు, తెలుగువారు ఒడియావారను భేదము లేక అన్నము పంచినారు. విపత్తు వచ్చినప్పుడు మనవారు సింహములే. విపత్తు లేని ఆదివారములయందే లోటు. ఉగాదినాడు అరువదియేండ్లు దాటిన పెద్దలు కుర్చీలు మోయుచుండగా, పంచాంగశ్రవణమైన తరువాత వచ్చి, పచ్చడి పుచ్చుకొని, పులిహోర తిని, ఫోటోలు తీసికొని పోవుచున్న తమ్ములకు, చెల్లెండ్రకు మా మనవి ఇదియొక్కటే. మిమ్ము ఊరు విడిచి పాకలలో ఉండుమని ఎవరును అడుగుటలేదు. వారమునకు రెండు గంటలు అడుగుచున్నాము.

పనులకు కొదవలేదు. ఆదివారపు తరగతికి ఇద్దరు కావలెను. గ్రంథాలయములో పుస్తకములకు అట్టలు వేసి చిట్టా వ్రాయుటకు ఒకరు. శ్రీకాకుళము వైపునుండి పెద్దాసుపత్రికి వచ్చి, భాష తెలియక వరండాలో నిలిచిపోవు రోగులకు దారి చూపి, చీటీ వ్రాయించుటకు నలుగురు. రక్తము కావలసినప్పుడు పిలువదగినవారి జాబితా ఉంచుటకు ఒకరు. ఒంటరిగానున్న వృద్ధులకు పింఛను కాగితములు నింపిపెట్టుటకు ఇంకొకరు. అన్నిటికంటె ముఖ్యము, ప్రతిపనికి ఒకరు కాక ఇద్దరుండవలెను. ఒకడు చేయుచుండగా రెండవవాడు నేర్చుకొనుచుండవలెను. పెద్దలును తమ చేతిలోని తాళముచెవులను, లెక్కల పుస్తకములను గట్టిగా పట్టుకొని కూర్చుండక, తాము చూచుచుండగనే యువకుల చేతిలో పెట్టవలెను. తప్పులు చేయనిండు. ఛార్జి ఇచ్చుట తెలియనివారికి, ఛార్జి పుచ్చుకొనువారు లేరని ఫిర్యాదు చేయు హక్కు లేదు.

దుగ్గిరాలవారు మన ఊరికి చేయి చాచి వచ్చినారు. వారు అడిగిన చందా మన పెద్దలు ఇచ్చుటకు సర్కారు వ్యవధి ఇయ్యలేదు. ఆ విధముగా మన బరంపురము వారికి బాకీపడియున్నది. రామనగరు ఇప్పుడు ధనము అడుగుటలేదు. కావున ఆ బాకీని మన సంఘములో, మన వీధులలో, మన కాయకష్టముతో తీర్చుకొందము.

ఈ సంవత్సరాదినాడు సభ ముగిసిన తరువాత సంఘము వాకిట ఒక బల్ల వేసి, దానిమీద ఒక రిజిస్టరు ఉంచెదము. గుమాస్తాలము కనుక గీతలు మేమే గీసినాము. పని పేరు, చేయువారి పేరు, రిలీవరు పేరు అని మూడు గడులున్నవి. ఆదివారపు తరగతి ఎదుట మొదటి పేరు మాది వ్రాసికొన్నాము. దాని ప్రక్క గడి ఖాళీగా నున్నది. పులిహోర తిన్న చేయి కడుగుకొని, అటువైపు ఒక్కమారు రండు.